సన్నగా ఉన్నవాళ్ల లివర్ కూడా చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఫ్యాటీ లివర్ గురించి పేపర్లలో ఏది వచ్చినా పక్కన బాగా లావుపాటి మనిషి పొట్ట బొమ్మే ఉంటోంది. అది చూసి సన్నగా ఉన్నవాళ్లు ఇది మన జబ్బు కాదులే అని పేజీ తిప్పేస్తున్నారు. మా అన్నయ్యా అలాగే తిప్పేశాడు.

అన్నయ్యది కిరాణా కొట్టు. అయిదడుగుల ఆరంగుళాల ఎత్తు, 62 కిలోల బరువు. మందు ముట్టడు. షుగర్ మాత్రం చాలా ఏళ్లుగా ఉంది. 52వ ఏట కడుపునొప్పి అని స్కానింగ్ తీయిస్తే గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. "సన్నగానే ఉన్నారుగా, గ్రేడ్ 1కి టెన్షన్ ఎందుకు" అన్నారు ఆసుపత్రిలో. రిపోర్టు బీరువాలోకి వెళ్లిపోయింది. నాలుగేళ్ల తర్వాత కాళ్లకు నీరు పట్టింది. ఈసారి సిరోసిస్ అన్నారు, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడిపోవడం.

కొత్త డాక్టరుగారు పాత రక్తపరీక్ష కాగితాలు తెమ్మని, నా ముందే ఫోన్‌లో లెక్క కట్టారు. దాన్ని ఫిబ్-4 అంటారట. అందులో వేసేవి నాలుగే అంకెలు. వయసు 52, రక్తంలో చూసే లివర్ ఎంజైములు రెండు, ఏఎస్‌టీ 58, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు లక్షా అరవై వేలు. జవాబు 2.69. అది 1.3 లోపుంటే లివర్‌లో మచ్చలు ముదిరి ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే బాగా అనుమానించి పెద్ద పరీక్షకు పంపాలి. ఆ నాలుగు అంకెలూ నాలుగేళ్లు మా బీరువాలోనే ఉన్నాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బరువుకీ ఈ జబ్బుకీ సంబంధం లేదని నేననడం లేదు. బరువు పెరిగినకొద్దీ లివర్‌కు కొవ్వు పట్టడం, మచ్చలు పడే ముప్పు రెండూ పెరుగుతాయి. 2025లో వెలువడిన పరిశోధనలో హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉంది, 71 శాతం మంది ఊబకాయులు. కానీ జబ్బు ఎంత ముదిరిందో తూకం చెప్పదు. స్కానింగ్‌లో గ్రేడ్ కూడా కొవ్వు ఎంతుందో చెబుతుంది తప్ప, ఎంత మచ్చ పడిందో చెప్పదు. ప్రాణం మీదికి తెచ్చేది ఆ మచ్చే.

పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యడ్కిన్ 2004లో తమ ఒంటినే పోల్చి చూసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి చూసే బరువు లెక్క, 22.3. యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మన ఒళ్లు అంతే, సన్నగా కనిపిస్తూనే కొవ్వు దాస్తుంది. అందుకే మనకు బీఎంఐ 23 దాటితేనే ఎక్కువ బరువు అంటారు.

బ్లౌజులు కుట్టే టేపుతో అన్నయ్య నడుం కొలిచాను. 38 అంగుళాలు! మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే దాదాపు 35న్నర అంగుళాలు దాటకూడదు. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు. ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి నింపే పత్రంలో నడుం కొలత గడి ఉంది. మా వీధిలో ఎవరి నడుమూ కొలవగా నేను చూడలేదు, అడిగి రాసుకుపోవడమే. 2021లోనే కేంద్రం ఫ్యాటీ లివర్‌ను బీపీ, షుగర్‌ల కార్యక్రమంలో చేర్చింది. కాబట్టి టేపు నిజంగా పెట్టించండి. షుగర్ ఉన్నవాళ్లు సన్నగా ఉన్నా వదలొద్దు. ల్యాబులు రిపోర్టు కింద ఫిబ్-4 అంకె కూడా ముద్రించాలని ఆరోగ్య శాఖ ఆదేశమివ్వాలి. కంప్యూటర్ వేసే లెక్కే కదా, దానికి కొత్త పరీక్షా అక్కర్లేదు, రక్తం మళ్లీ తీయక్కర్లేదు.

సమయానికి తెలిస్తే దారి ఉంది. లావున్నవాళ్లు బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్ వాపు తగ్గుతుంది, 10 దాటితే మచ్చ కూడా తగ్గవచ్చు. సన్నగా ఉన్నవాళ్లకు 3 నుంచి 5 శాతం తగ్గినా కొవ్వు కరుగుతుంది. అంటే 62 కిలోల మనిషికి రెండు మూడు కిలోలు. అప్పుడే చెప్పి ఉంటే అన్నయ్య తగ్గేవాడు, మొండి మనిషి కాదు.

అన్నయ్య కొడుక్కి 27 ఏళ్లు, 58 కిలోలు. నిన్న వాడి నడుం కూడా కొలిచాను. 36 వచ్చింది. సోమవారం రక్తపరీక్షకు తీసుకెళ్తున్నాను.

— ఒక పాఠకురాలు, తెనాలి