మునుపటిలా ఆడుతున్నాడా అని కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

విశాఖ నగరంలో ఇరవై ఎనిమిదేళ్లు అంగన్‌వాడీ కార్యకర్తగా చేసి విరమించాను. వందల మంది పిల్లల బరువు తూచి చార్టులో చుక్కలు పెట్టిన దాన్ని. ఆ నేనే సొంత మనవడికి వచ్చిన డిప్రెషన్‌ను, అంటే దిగులు జబ్బును, నాలుగు నెలలు పోల్చుకోలేక పొరబడ్డాను.

వాడికి నాలుగున్నరేళ్లు. ఆర్కే బీచ్‌కు తీసుకెళ్తే అలల్లోకి పోకుండా పట్టుకోవడమే మాకు పని. అలాంటివాడు ఇసుకలో బకెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. మొక్కజొన్న పొత్తు కొనిస్తే నాలుగు గింజలు వలిచి నా చేతిలో పెట్టేసేవాడు. ఇంట్లో చిన్న మాటకే ఏడుపు, పొద్దున లేస్తే కడుపునొప్పి. ఓరోజు బొమ్మ బస్సు చక్రం ఊడితే, "నేను చెడ్డవాణ్ణి, నన్ను ఎవరికైనా ఇచ్చేయండి" అన్నాడు. మేం నవ్వాం! బడిలో టీచరేమో ఈమధ్య ఎంత బుద్ధిగా ఉంటున్నాడో అని మెచ్చుకున్నారు. ఒక డాక్టరు నులిపురుగుల మందు, టానిక్కు రాశారు. పక్కింటావిడ దిష్టి తీశారు. ఎండుమిరపకాయలు అందించింది నేనే, దాచడం ఎందుకు.

చివరికి ఒక పిల్లల మానసిక వైద్యురాలు ముందుగా రక్తం, థైరాయిడ్, వినికిడి పరీక్షలు చేయించారు. ఆ తర్వాత నేల మీద కూర్చుని వాడితో గంటసేపు బొమ్మలాట ఆడి, అప్పుడు చెప్పారు, ఇది డిప్రెషన్ అని. ఈ వయసులో దిగులుగా ఉందని నోటితో చెప్పలేరట. ఇష్టమైన ఆటలో సరదా పోవడం, చిరాకు, తిండీ నిద్రా మారడం, అన్నిటికీ తప్పు తనదేననడం, ఇవి రెండు వారాలు దాటినా తగ్గకపోతే చూపించాలి. మధ్యలో కాసేపు నవ్వుతారు కూడా. మేం మోసపోయింది అక్కడే.

మాత్రలేమీ ఇవ్వలేదు. వాడితో ఎలా ఆడాలో, ఏడుపు వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలో మా అమ్మాయికి నేర్పారు. అమెరికాలో జోన్ లూబీ అనే పిల్లల మానసిక వైద్యురాలి బృందం 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు 229 మందితో ఈ పద్ధతినే పరీక్షించి, మంచి ఫలితం వచ్చిందని 2018లో ప్రకటించిందట. మావాడు ఇప్పుడు బీచ్‌కు వెళ్తే మళ్లీ అలల్లో నిక్కరు తడుపుకునే ఇంటికి వస్తున్నాడు.

మన దేశంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, అయిదేళ్ల లోపు పిల్లల ఊసు అసలే లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. గుండె జబ్బు, పెదవి చీలిక, రక్తహీనత, మాట ఆలస్యం వంటివి చూస్తారు. మా మనవడు ఆ పరీక్షలన్నీ దిగ్విజయంగా దాటేసేవాడు!

జిల్లా అధికారులను ముఖ్యంగా కోరేది ఒక్కటే. "మునుపు ఇష్టంగా ఆడిన ఆట ఇప్పుడూ ఆడుతున్నాడా?" అని అంగన్‌వాడీ కార్యకర్తల చేత తల్లిని అడిగించండి. జబ్బు తేల్చే పని కార్యకర్తలకు వద్దు, అనుమానం ఉంటే డాక్టరు దగ్గరకు పంపితే చాలు. దీనికోసం మాత్రం మరో యాప్ పెట్టకండి, ఉన్నవాటితోనే వాళ్ల చేతులు నొప్పి పుడుతున్నాయి.

చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి పేరెత్తితేనే మా బంధువులు నోరు నొక్కుకున్నారు. అలా జంకేవాళ్లు ముందు ఫోనులోనైనా అడగవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలి మానస్ 14416కు ఉచితంగా, ఏ వేళలోనైనా, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రతి కేంద్రంలోనూ బరువు తూచే యంత్రం పక్కన గోడ మీద ఆ నంబరు రాయించండి.

— ఒక అమ్మమ్మ, మద్దిలపాలెం, విశాఖపట్నం