నార్మల్ అన్నారని ఊరుకోకే

పద్మా,

నీ మెడలో గడ్డ సంగతి అడిగితే నిన్న ఫోన్లో "థైరాయిడ్ నార్మలేనటే, ఇక భయం లేదు" అన్నావు చూడు, అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. నిద్ర పట్టక లేచి రాస్తున్నా.

నువ్వు చేయించుకున్న రక్తపరీక్ష టీఎస్‌హెచ్. గ్రంథి సరిగా పనిచేస్తోందా లేదా అన్నదే అది చెబుతుంది. లోపలున్న గడ్డ మంచిదో చెడ్డదో చెప్పదు. నాకూ గడ్డ వచ్చినప్పుడు అది నార్మలే వచ్చింది. పెళ్ళికి బయల్దేరుతుంటే మా వదిన నల్లపూసల కొక్కెం పెడుతూ "ఇదేంటే, గుటక వేస్తే పైకీ కిందికీ కదులుతోంది?" అంది. చూపించుకుంటే ఆ డాక్టరు స్కాన్ ఊసే ఎత్తకుండా, కరుగుతుందని మాత్రలు రాశాడు. ఏడాది మింగాను. కరగలేదు సరికదా, గుండెదడ పట్టుకుంది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండిపోతుంది.

ముందు మెడకి అల్ట్రాసౌండ్ తీయించు. సైజు ఒక్కటే చూసి కంగారు పడకు. టైరాడ్స్ అని 1 నుంచి 5 దాకా ఒక అంకె వేస్తారు. గడ్డ అంచులెలా ఉన్నాయి, లోపల సున్నపు చుక్కలున్నాయా, వెడల్పుకన్నా ఎత్తు ఎక్కువుందా, ఇవన్నీ చూసి వేసే అంకె అది. 5 అయితే ఒక సెంటీమీటరున్నా సూదితో గడ్డలోంచి కణాలు తీసి పరీక్ష చేస్తారు. 4 అయితే ఒకటిన్నర, 3 అయితే రెండున్నర ఉండాలి. రిపోర్టులో ఆ అంకె లేకపోతే అడిగి రాయించుకో.

సూది అనగానే బెదిరిపోకు. భుజాల కింద దిండు పెట్టి నా తల వెనక్కి వాల్చారు. మెడ మీద చల్లగా జెల్ రాసి, "గుటక వేయకండి, మాట్లాడకండి" అంది డాక్టరమ్మ. రక్తం తీసే సూదికన్నా సన్నటిది. చురుక్కుమంది, అంతే. ఆ రిపోర్టులో బెథెస్డా అని ఇంకో అంకె, 1 నుంచి 6. నాకు 2 వచ్చింది, అంటే మామూలు గడ్డ. ఆరు క్యాన్సర్. కానీ 1 వస్తే మాత్రం సంబరపడకు, కణాలు సరిపోలేదని, మళ్ళీ తీయాలని దాని అర్థం.

చాలా గడ్డలు క్యాన్సర్ కావే, నిజం. అయినా మీ పిన్నికి థైరాయిడ్ ఆపరేషన్ ఎందుకు చేశారో కనుక్కుని డాక్టరుకి తప్పక చెప్పు. గొంతు బొంగురుపోయిందన్నావే, అదీ చెప్పు.

శనివారం పొద్దున్నే వస్తా, ఎండోక్రినాలజిస్టు, అదే హార్మోన్ల డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం. పాత కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి ఉంచు. మీ ఆయనకి ఇంకా చెప్పలేదు కదూ? ఈ రాత్రే చెప్పు.

నీ
లక్ష్మి