బాదామి కోట ఎక్కడికి చేరిందో చూడు

రమణా,

ఆలస్యానికి ముందే తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం టేబుల్ మీదే పెట్టుకున్నా, దాని మీద పుస్తకాలు, వాటి మీద కరెంటు బిల్లులు... సరేలే. ఇక్కడ అందరం కులాసా. చలి మొదలైంది. చిన్నదానికి పాలపళ్ళు ఊడుతున్నాయి. నువ్వు పంపిన ఊరగాయ చేరింది, మూత సంగతి ఫోన్లో మాట్లాడుకుందాం. కబుర్లు అయిపోయాయి.

ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్పకపోతే నాకు అన్నం దిగేలా లేదు. మీ గుత్తి మన్రో ఉన్నాడే, రాయలసీమలో పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఆ మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ఆయన వంశం డాలు మీద ఏముందో తెలుసా? బాదామి! స్కాట్లాండు దొరల కోట్ ఆఫ్ ఆర్మ్స్ మీద మన దక్కను కొండకోట! 1818లో మరాఠాల మీద యుద్ధంలో ఆయన పట్టిన కోట అది. 1825లో ఆయనకి బారొనెట్ అనే వంశపారంపర్య బిరుదు వచ్చింది, స్కాట్లాండులో ఆంగస్‌లో కిరీమ్యూర్ దగ్గరి లిండర్టిస్ పేరు మీద. ఈ లిండర్టిస్ మన్రోల డాలు ఇలా ఉంటుంది: బంగారు రంగు నేల, మధ్యలో ఎర్ర గద్ద తల, దాని చుట్టూ ఒక పక్క లారెల్ కొమ్మ, ఇంకో పక్క ఓక్ కొమ్మ, పైన అడ్డపట్టీలో కొండకోట బొమ్మ, దాని కింద ఎర్రక్షరాలతో బాదామి పేరు. ఎవరి గురించి చెప్తున్నానో చెప్పకుండా ఆ బొమ్మ ఒక్కటీ ఏడో బెంచీ వాళ్ళకి చూపించు. ‘బెంగాల్ దొర’ అని ఎవడంటాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

గద్ద తల దగ్గర ఒక్క నిమిషం ఆగు. మెడ కింద నున్నగా కోసినట్టు ఉండదు, పీకేసినట్టు ముక్కలు ముక్కలుగా వేలాడుతుంది. చిత్రకారుడి నిర్లక్ష్యం కాదు, అలాగే గీయాలని డాలు వర్ణనలోనే రాసి ఉంటుంది. నున్నగా గీస్తే అది ఇంకొకరి డాలు అయిపోవచ్చు. పాత పుస్తకాల్లో బొమ్మ నలుపు తెలుపులో ఉందని దిగులుపడకు, రంగులు గీతల్లోనే దాచి పెట్టారు. చుక్కలుంటే బంగారం, నిలువు గీతలుంటే ఎరుపు, అడ్డ గీతలుంటే నీలం, ఖాళీగా వదిలేస్తే వెండి.

ఇంకోటి, ఇది ఇంకా పెద్ద బాంబు. స్కాట్లాండులో మూడు వేల అడుగులు, అంటే 914 మీటర్లు దాటిన శిఖరాల్ని ‘మన్రోలు’ అంటారు. ఇప్పటి లెక్కకి 282. వాటన్నిటినీ ఎక్కడం ఇక్కడివాళ్ళకి పిచ్చి. ఆ పేరు 1891లో మొదటి జాబితా వేసిన సర్ హ్యూ మన్రోది. ఆయన ఎవరు? మీ గుత్తి మన్రోకి సొంత మనవడు! లిండర్టిస్ నాలుగో బారొనెట్. పాపం, తను రాసిన జాబితా తనే పూర్తి చేయకుండా 1919లో పోయాడు. 1901లోనే ఏ.ఈ. రాబర్ట్‌సన్ అనే పాస్టరు మొత్తం ఎక్కేశాడంటారు. తాత శిస్తు లెక్క కట్టడానికి మన పొలాలు కొలిపించాడు, మనవడు కొండలు లెక్కపెట్టాడు. రక్తమంటే అదేనంటావు నువ్వు. నేననను, నీ పెసరట్టు సిద్ధాంతం తర్వాత నీ సిద్ధాంతాలన్నీ మానుకున్నా.

బిరుదు మనవడిదాకా ఎలా వచ్చిందో చూడు. తాత 1827లో పత్తికొండలో కలరాతో పోయేసరికి పెద్దకొడుకు థామస్ చిన్నపిల్లాడు, రెండో బారొనెట్ అతనే. అతను 1901లో వారసుడు లేకుండా పోతే తమ్ముడు క్యాంప్‌బెల్‌కి వెళ్ళింది, 1913లో అతని కొడుకు హ్యూకి. ఈ క్యాంప్‌బెల్ పేరు గమనించు. అమ్మ పుట్టింటి ఇంటిపేరు అది. ఆమె ఎయిర్‌షైర్ క్రెయిగీ క్యాంప్‌బెల్‌ల ఆడపడుచు జేన్. స్కాట్లాండులో రెండో మూడో కొడుక్కి ఇలా తల్లి వైపు ఇంటిపేరు పెట్టడం మామూలు, కాబట్టి వింతగా ఇంటిపేరులాంటి పేరు కనిపిస్తే ముందు అమ్మమ్మగారి ఊరు వెతకాలి. పాత దస్తావేజుల్లో పెళ్ళైన ఆడవాళ్ళు పుట్టింటి పేరుతోనే ఉంటారు, ఇంగ్లాండు అలవాటుతో మొగుడి పేరు మీద వెతికేవాళ్ళకి సగం మంది దొరకరు.

మీ తమ్ముడు ఎడిన్‌బర్గ్ వస్తున్నాడు కదా, వాడికి ముందే చెప్పు: షాపుల్లో ‘మీ ఇంటిపేరు కోట్ ఆఫ్ ఆర్మ్స్’ అని అమ్మే పలకలు శుద్ధ వ్యాపారం. స్కాట్లాండులో డాలు ఇంటిపేరుది కాదు, ఒక మనిషిది. 1672 నుంచి లార్డ్ లయన్ అనే డాళ్ళ అధికారి దగ్గర రిజిస్టరు ఉంది, కోర్టు ఉంది, ఇంకొకడి డాలు వాడుకుంటే కేసు పెట్టడానికి ప్రాసిక్యూటరు కూడా ఉన్నాడు. పెద్దకొడుకు తండ్రి బతికుండగా అదే డాలు మీద మూడు కాళ్ళ పట్టీ వేసుకుంటాడు, తర్వాత తీసేస్తాడు. చిన్నకొడుకులు తమ వంతు తేడా కోసం అర్జీ పెట్టుకోవాలి, మామూలుగా చుట్టూ అంచు గీస్తారు: రెండోవాడికి సాదా అంచు, మూడోవాడికి వంకుల అంచు. అర్జీలో ఒక్కో తరానికీ సర్టిఫికెట్ కావాలి, మా తాత చెప్పాడంటే ఒప్పుకోరు. మరి మామూలు మన్రోలు ఏం చేయాలి? క్లాన్, అంటే ఆ ఇంటిపేరు వంశం మొత్తానికీ పెద్ద అయినాయన శిరోచిహ్నాన్ని (డాలు పైన ఉండే గుర్తు), చుట్టూ బెల్టూ బకిల్‌తో, టోపీకి పెట్టుకోవచ్చు. అదీ ఆయనదే, వీళ్ళు ఆయన మనుషులని చూపించడానికే.

ఆ క్లాన్ పెద్దలు ఫౌలిస్ మన్రోలు, అక్కడో పేచీ ఉంది. వాళ్ళకి 1634 నాటి బారొనెట్ బిరుదు ఉండేది, నోవా స్కోషియా పేరుతో ఇచ్చే రకం. 1935లో సర్ హెక్టర్ పోయాక బిరుదు మగ సంతానానికే కాబట్టి దాయాదికి వెళ్ళింది. ఎస్టేటూ పెద్దరికమూ మాత్రం కూతురి కొడుక్కి, అతను మన్రో పేరు పెట్టుకున్నాక. ఒకే ఇల్లు, రెండు దారులు. వంశవృక్షం గీసేవాళ్ళు సరిగ్గా ఇక్కడే బోల్తా పడతారు.

స్కాట్లాండు కుటుంబాల పూర్వీకుల్ని రికార్డుల్లో ఎలా వెతకాలని నువ్వు అడిగావు కదా, ఆ సంగతి. 1855 జనవరి 1 నుంచి సర్కారు రిజిస్టర్లు, అంతకుముందు చర్చి రిజిస్టర్లు, రెండూ స్కాట్లాండ్స్ పీపుల్ సైట్లో ఉన్నాయి. వెతకడం ఉచితం, చాలా రికార్డుల బొమ్మలకి డబ్బు. 1855 ఒక్క ఏడాది సర్టిఫికెట్లు బంగారం, తల్లిదండ్రుల పెళ్ళి వివరాల దాకా రాశారు, మరుసటి ఏడే తగ్గించేశారు. చర్చి రిజిస్టర్లో ఉండేది ఎక్కువగా బాప్టిజం తేదీ, పుట్టినరోజని మోసపోకు. స్పెల్లింగ్ కూడా ఒక్కటి పెట్టుకుని కూర్చోకు, ఒకే మనిషి నాలుగు చోట్ల నాలుగు రకాల మన్రో.

భూమి ఉన్న కుటుంబమైతే వీలునామాలు చూసి ‘ఏమీ లేదు’ అనేయొద్దు. 1868 దాకా స్థలాన్ని వీలునామాతో ఇవ్వడం కుదరదు, అందులో ఉండేది చరాస్తి. భూమి కోసం వారసత్వ విచారణ పత్రాలు చూడాలి, 1847 దాకా చాలావరకు లాటిన్లోనే, తర్వాత 1617 నుంచి ఉన్న సాసీన్ రిజిస్టరు, అంటే భూమి హక్కులు నమోదు చేసేది. ‘లిండర్టిస్ యొక్క’ అంటే యజమాని, ‘లిండర్టిస్‌లో’ అంటే కౌలుదారు. ఆ ఒక్క మాట తేడాతో ఎంతమంది రైతులు దొరలైపోయారో...

ఇక ఇక్కడి ఎవాంటన్ ఊరి పైన ఫైరిష్ కొండ మీద నాగపట్నం కోట గేటు నమూనా ఉంది, అది కట్టించింది హెక్టర్ మన్రో, బక్సార్ యుద్ధం గెలిచిన హెక్టర్, థామస్ కాదు. ఇద్దర్నీ కలిపేసేవాళ్ళతో నాకు... అయ్యో, రీడింగ్ రూము మూసేస్తున్నారు, పెన్నులు సర్దమంటున్నారు. నాగపట్నం వచ్చే ఉత్తరంలో. మీ అమ్మగారికి నమస్కారాలు.

నీ
శీను