ఫ్యూయల్ పంపు రీకాల్ సాధించిన మీ అందరికీ నా కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

మన మోడల్ కార్లకు, ట్యాంకులోని పెట్రోలును ఇంజిన్‌కు పంపే ఫ్యూయల్ పంపును ఉచితంగా మార్చి ఇస్తామని కంపెనీ రీకాల్ (లోపమున్న బండ్లను వెనక్కి పిలవడం) ప్రకటించిన సంగతి మీకు తెలిసిందే. నాకు లేఖ అందింది, పంపు మార్చడం కూడా అయిపోయింది. ముందే సొంత డబ్బుతో మార్పించుకున్నవాళ్ళు బిల్లు చూపిస్తే ఆ డబ్బు తిరిగి ఇస్తామని కూడా అందులో రాశారు. ఈ మేలు ఎవరి వల్ల జరిగిందో నాకు బాగా తెలుసు. వాళ్ళలో చాలామందిని నేను ఒక్కసారి కూడా కలవలేదు. అందుకే అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను. పేర్లు వద్దని కొందరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్ళకు అర్థమవుతుంది.

సమస్య ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోయేది. ముందు యాక్సిలరేటర్ తొక్కినా పికప్ ఉండదు, రెండు మూడు కుదుపులు వస్తాయి, ఆ తర్వాత ఇంజిన్ ఆఫ్. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ ఒకటి రెండుసార్లు తొక్కడానికే సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ గట్టిపడిపోతుంది. నాకు మొదటిసారి ఇలా అయినప్పుడు పక్క సీట్లో అమ్మ ఉంది, వెనక లారీ వస్తోంది. కాసేపు చల్లారనిస్తే బండి మళ్ళీ మామూలుగా స్టార్ట్ అయ్యేది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే స్కానర్ పెట్టి చూసి, "ఏ లోపం కోడూ లేదు మేడమ్, బండి బాగానే ఉంది, ఎక్కడో కల్తీ పెట్రోలు కొట్టించి ఉంటారు" అనేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు కోపం కంటే భయమే ఎక్కువ వేసేది. బాగానే ఉందన్న బండిలోనే మళ్ళీ అమ్మను ఎక్కించుకుని వెళ్ళాలి కదా.

మొట్టమొదట నేను దణ్ణం పెట్టాల్సింది నాకంటే ముందు ఫిర్యాదు రాసి పెట్టినవాళ్ళకు. ముఖ్యంగా ఒక టీచరుగారికి. ఆవిడ రాసిన ఫిర్యాదు నాకు ఇప్పటికీ కంఠతా ఉంది. "వేగం 70. మధ్యాహ్నం, బాగా ఎండ. ఏసీ ఆన్‌లో ఉంది. ట్యాంకులో పావు వంతు కంటే తక్కువ పెట్రోలు. గంటకు పైగా ఆపకుండా నడిపాక ఇంజిన్ ఆగింది. ముందు ఏ లైటూ వెలగలేదు." ఇంతే. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. దాన్ని చదివాకే నా బండి కూడా ట్యాంకు ఖాళీ అవుతున్నప్పుడు, ఎండలోనే ఆగుతోందని గమనించాను. పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది అన్న విషయం తర్వాత తెలిసింది. ఆవిడ మాత్రం కారణం తెలియకుండానే, కళ్ళతో చూసింది చూసినట్టు రాశారు. ఆవిడ ఫిర్యాదును "సమస్య కనిపించలేదు" అని మూసేశారు. అయినా ఆవిడ ఊరుకోలేదు, మళ్ళీ ఆగినప్పుడు మళ్ళీ రాశారు. టీచరుగారూ, మీరు అలసిపోయి వదిలేసి ఉంటే, నాది ఒంటరి గోడు అనుకుని నేనూ వదిలేసేదాన్ని.

తర్వాత, ఒక సర్వీస్ అడ్వైజర్ గారు. ఆయన ఆ ఉద్యోగంలో ఉంటూనే చేసిన సాయం ఇది కాబట్టి ఇంకాస్త గౌరవంతో చెప్తున్నాను. జాబ్ కార్డు మీద మామూలుగా "జనరల్ చెకప్" అని రాసి సంతకం పెట్టించుకుంటారు. అలా రాస్తే రేపు ఎవరు వెతికినా ఆ రోజు బండి ఆగిపోయిన సంగతి ఎక్కడా దొరకదు. ఈయన ఆ మాట కొట్టేసి, నేను చెప్పింది చెప్పినట్టు "నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోతోంది, చల్లారాక స్టార్ట్ అవుతోంది" అని రాసి, కిలోమీటర్ల రీడింగ్ వేసి, స్టాంపు కొట్టి కాపీ నా చేతికిచ్చారు. ఆ ఒక్క లైనే తర్వాత అన్నిచోట్లా నా సాక్ష్యం అయింది.

మెకానిక్ అన్న గురించి ఎంత రాసినా తక్కువే. బండి నిలబెట్టి చూస్తే అంతా బాగానే ఉంటుంది కాబట్టి, నడుస్తుండగానే చూడాలన్నాడు. పెట్రోలు లైనుకు ప్రెషర్ గేజ్ తగిలించి, దాని పైపును బానెట్ సందులోంచి బయటికి తీసి, గేజ్‌ను అద్దం మీద బయటి వైపు టేపుతో అంటించాడు. నేను నడిపాను, ఆయన పక్కన కూర్చుని ముల్లు చూస్తూ ఉన్నాడు, మా తమ్ముడు వెనక సీట్లోంచి వీడియో తీశాడు. చాలాసేపు ముల్లు కదల్లేదు. తర్వాత వణకడం మొదలుపెట్టింది, మెల్లగా కిందికి జారింది, అప్పుడు కుదుపు వచ్చింది. కుదుపు కంటే ముందు ముల్లు పడింది, అంటే పంపు పెట్రోలును తోయడం తగ్గిపోయింది! "అదుగోమ్మా, దొరికింది" అన్నాడు. స్కానర్‌కు దొరకనిది ఆ గేజ్‌కు దొరికింది. ఆ వీడియో చూశాక కల్తీ పెట్రోలు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పంపు లోపల ఏమవుతోందో తేల్చింది మరొకరు. ఒకాయన అంతకు ముందే తన డబ్బుతో పంపు మార్పించుకుని, పాతదాన్ని అడిగి తెచ్చుకుని దాచారు. మాకు అవసరమని తెలియగానే జాగ్రత్తగా ప్యాక్ చేసి పంపించారు. దాన్ని విప్పితే లోపలి ప్లాస్టిక్ చక్రం, ఇంపెల్లర్ అంటారు, అంచు మీద ఒరుసుకుపోయిన గీతలు ఉన్నాయి. ఆ చక్రానికీ చుట్టూ ఉన్న గోడకూ మధ్య సందు చాలా సన్నం. ప్లాస్టిక్ సాంద్రత తగినంత లేకపోతే అది పెట్రోలు పీల్చుకుని ఉబ్బుతుంది, గోడకు రాసుకుంటుంది, తిరగలేక ఆగుతుంది. ఇదేమీ కొత్త వింత కాదు. 2020 నుంచి వేర్వేరు కంపెనీల కార్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది ఇలాంటి ఇంపెల్లర్ లోపం వల్లే.

ఇక రిటైర్డ్ ఇంజనీరు గారు. ఈ చెల్లాచెదురు ఫిర్యాదులన్నిటినీ ఒక్క చోటికి చేర్చింది ఆయనే. అందరి దగ్గరా ఛాసిస్ నంబర్లు, బండి తయారైన నెల తీసుకుని పట్టిక వేశారు. ఆగిపోయిన బండ్లన్నీ ఇంచుమించు ఒకే కాలంలో తయారైనవని అందులో తేలింది. అంటే లోపం నడిపేవాళ్ళది కాదు, పెట్రోలుదీ కాదు, ఒక బ్యాచ్‌ది. మా రాతలు కూడా ఆయనే దిద్దారు. నేను కోపంలో రాసిన మొదటి ఫిర్యాదు చదివి, "దారుణం అన్న మాట తీసేసి, వేగం ఎంతో రాయండమ్మా" అన్నారు.

పాత సామాను ఎందుకు దాచుకోవాలో చెప్పడానికి ఆయన జనరల్ మోటార్స్ అనే అమెరికా కార్ల కంపెనీ ఇగ్నిషన్ స్విచ్ (తాళం చెవి తిప్పే స్విచ్) కథ చెప్పేవారు. 2014లో అమెరికాలో బయటపడింది అది. నడుస్తుండగా తాళం చెవి దానంతటదే వెనక్కి జారి ఇంజిన్ ఆగిపోయేది, దాంతో ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేసేవి కావు. తర్వాత పెట్టిన పరిహార నిధి 124 మరణాలను ఆ లోపానికి సంబంధించినవిగా ఒప్పుకుంది. మధ్యలో ఎప్పుడో ఆ స్విచ్ డిజైన్‌ను మార్చారు కానీ పార్టు నంబరు మార్చలేదు. అందువల్ల కాగితాల మీద పాతదీ కొత్తదీ ఒకటే. ఒక బాధిత కుటుంబం కేసులో పనిచేసిన ఇంజనీరు పాత స్విచ్‌నూ షాపులో కొన్న కొత్త స్విచ్‌నూ విప్పి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బయటపడింది. పాత స్విచ్ చెత్తలో పడి ఉంటే ఆ నిజం కూడా దానితోనే పోయేది.

ఫిర్యాదులో వాతావరణం కూడా రాయమని ఆయన పట్టుబట్టడానికి కారణం టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగులు. వాటిని ఉబ్బించడానికి వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి వేడికీ తేమకూ గురై పాడైపోయి, గుద్దుకున్నప్పుడు ఇన్‌ఫ్లేటర్ అనే లోహపు డబ్బానే పేల్చేసేది. ముక్కలు మనుషులకు తగిలేవి. ఒక్క అమెరికాలోనే దాదాపు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిచారు, 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. వేడి, తేమ ఎక్కువ ఉన్న ప్రాంతాల్లోనే ప్రమాదం ఎక్కువని తెలిసింది కాబట్టి అక్కడి బండ్లను ముందు పిలిచారు. ఎక్కడ జరిగింది, అప్పుడు ఎండా వానా అన్నది చిన్న వివరం కాదని ఇది విన్నాకే నాకు అర్థమైంది.

ఒక్కరు రాస్తే ఏమవుతుంది అనుకునేవాళ్ళకు ఆయన చెప్పిన మరో మాట. రీకాల్ చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అమెరికాలో వాహన భద్రతా చట్టం 1966లోనే వచ్చింది. భారతదేశంలో 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి 110ఎ సెక్షన్ వచ్చింది. నిర్ణీత శాతం మంది యజమానులు ఒకే లోపం గురించి ఫిర్యాదు చేస్తే రీకాల్‌కు ఆదేశించవచ్చని అందులో స్పష్టంగా ఉంది. శాతం అన్నప్పుడు ప్రతి ఫిర్యాదూ లెక్కలోకి వస్తుంది. రాయకుండా మనసులో పెట్టుకున్నది రాదు. సర్, మీ ఓపికకు, మీరు మా కోసం మేలుకున్న రాత్రులకు నేనేమివ్వగలను. మీ పాదాలకు నమస్కారం.

డబ్బు తీసుకోకుండా కంపెనీకి ఉత్తరం రాసిపెట్టిన వకీలుగారికి, ఆ ఉత్తరం చూసి స్వయంగా ఫోన్ చేసి, మధ్యలో అడ్డుపడకుండా అంతా విని, వీడియో తెప్పించుకుని చూసిన కంపెనీ క్వాలిటీ విభాగం ఇంజనీరుగారికి కూడా ధన్యవాదాలు. మాకు ఎదుటి పక్షంలో ఉన్నా ఆయన మనిషిలా విన్నారు.

చివరగా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళ కోసం ఇప్పటికీ తిరుగుతున్న తమ్ముళ్ళకు. రీకాల్ లేఖ రికార్డుల్లో ఉన్న యజమాని చిరునామాకు వెళ్తుంది, బండి చేతులు మారి ఉంటే లేఖ పాత యజమాని ఇంట్లోనే ఆగిపోతుంది. అలాంటి వాళ్ళను వెతికి పట్టుకుని మీరు చెప్తున్నారు చూడండి, అది ప్రాణాలు కాపాడే పని.

ఇంకా పంపు మార్పించుకోని వాళ్ళకు నా మనవి. లేఖ రాలేదని ఊరుకోకండి. రిజిస్ట్రేషన్ కాగితం మీద ఉన్న 17 అక్షరాలు, అంకెల ఛాసిస్ నంబరు కంపెనీ రీకాల్ పేజీలో కొట్టి చూడండి. ఆ నంబరులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, గుండ్రంగా కనిపించేది సున్నానే. పార్టు రాలేదని వెనక్కి పంపితే, పేరు నమోదు చేసినట్టు కాగితం తీసుకునే రండి. అప్పటిదాకా ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. కుదుపు మొదలైతే వెంటనే హజార్డ్ లైట్లు వేసి, గేరు న్యూట్రల్ చేసి, బండి వేగం ఉండగానే పక్కకు తీయండి. బ్రేకును మాటిమాటికీ తొక్కి వదలకుండా ఒకే తొక్కులో పట్టి ఉంచండి. ఫిర్యాదు ఎలా రాయాలో తెలియకపోతే నాకు మెసేజ్ చేయండి. ఇంజనీరు గారు వేసిన పట్టిక నా దగ్గర ఉంది, పంపిస్తాను, కూర్చుని కలిసి రాద్దాం.