ఫిర్యాదు: మీ కూలింగ్ టీథర్ సూర్యాపేట దాకా కూడా రాలేదు

కస్టమర్ కేర్ వాళ్లకి,

నమస్తే. మీ చాట్‌లో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అనే ముక్కే వచ్చింది, పంపింది మనిషో మెషీనో కూడా తెలియలేదు. అందుకే మెయిల్ పెడుతున్నా. కాస్త పొడుగ్గానే ఉంటుంది, చదవండి.

మా ఇంట్లో నాలుగు నెలల పొమేరేనియన్ కుక్కపిల్ల ఉంది. పేరు గోళీ, బరువు కిలోన్నర. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే వయసు కదా, సోఫా కాలు, చీపురు, నాన్న చెప్పులు, ఛార్జర్ వైరు, దేన్నీ వదలట్లేదు. పోయిన నెల మా చిన్నత్త వాళ్ల గృహప్రవేశానికి హైదరాబాద్ నుంచి విజయవాడ కార్లో వెళ్లాల్సి వచ్చింది. 270 కిలోమీటర్ల పైమాటే, అన్నిగంటలు దీన్ని కార్లో ఎలా ఊరుకోబెట్టాలా అని టెన్షన్ పడి మీ టీథర్ రింగు, అదే, ఫ్రిజ్‌లో చల్లబరిచి నమలడానికిచ్చే, లోపల జెల్ ఉన్న రబ్బరు రింగు కొన్నాను, 549 రూపాయలు పెట్టి. డబ్బా మీద 'చిన్న జాతి కుక్కపిల్లలకు ప్రత్యేకం' అనీ, 'ప్రయాణంలో 6 గంటల చల్లదనం' అనీ ఉంది.

మీరు రాసినట్టే రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో ఉంచి పొద్దున ఆరింటికి బయల్దేరాం. హయత్‌నగర్ దాటేదాకా కుదురుగా నమిలింది. పంతంగి టోల్ వచ్చేసరికి అది మామూలు రబ్బరు ముక్క. సరే, అంతటితో పోతే నేను ఈ మెయిల్ రాసేవాణ్ణి కాదు, ఎండాకాలంలో నీళ్ల సీసాయే అంతసేపు చల్లగా ఉండదు, ఆరు గంటలంటే నమ్మినవాడిదే తప్పనుకుని ఊరుకునేవాణ్ణి.

నకిరేకల్ దాటాక వెనక సీట్లోంచి అమ్మ, "ఒరేయ్, దీని మూతంతా జిగురు జిగురుగా ఉందేంట్రా" అంది. బండి పక్కకి తీసి చూస్తే రింగుకి చిల్లు, గోళీ గడ్డం కింద బొచ్చంతా నీలం జెల్. రింగు అంచున చిటికెనవేలి గోరంత ముక్క లేదు. సీట్ల కింద చూశాం, మ్యాట్లు దులిపాం, అమ్మ చీర కుచ్చిళ్లు కూడా దులిపింది. దొరకలేదు. మింగేసిందన్నమాట.

మా డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆవిడ అడిగిన మొదటి మాట: "ఆ జెల్‌లో ఏముంది?" పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే మీ డబ్బాని నాలుగు వైపులా తిప్పి తిప్పి చదివాను. ధర ఉంది, ఇన్‌స్టాగ్రామ్ పేరు ఉంది, నవ్వుతున్న కుక్క బొమ్మ ఉంది, ఆకు గుర్తు పక్కన 'నాన్ టాక్సిక్' అని ఉంది. అసలు అది ఏ పదార్థమో మాత్రం ఎక్కడా లేదు.

మీ నంబర్‌కి చేశాను. పద్నాలుగు నిమిషాలు పాట వినిపించాక ఒక అమ్మాయి ఎత్తింది. పాపం ఆ అమ్మాయిని అనడానికేం లేదు, ముందున్నది చదువుతోంది. జెల్ ఏంటమ్మా అంటే "సేఫ్ జెల్ సార్" అంటుంది. వీడియో ఉందా అంది. ఆఖర్న, చిగుళ్లు నొప్పిగా ఉంటే పసిపిల్లలకి రాసే పళ్ల జెల్ కొంచెం రాయమంది! ఈ మాట మీరు రాసిచ్చిందే అయితే ఇవాళే తీసేయండి. ఆ జెల్స్ కొన్నింటిలో బెంజోకైన్ అనే తిమ్మిరెక్కించే మందు ఉంటుంది, అది కుక్క రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్నదైతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. కిలోన్నర ప్రాణికి ఎంత పడితే ప్రమాదమో మీరే ఆలోచించండి.

డాక్టరుగారు మాత్రం కంగారు పడొద్దు, వాంతులవుతున్నాయా, పొట్ట ఉబ్బుతోందా చూసుకుంటూ రండి, కానీ ఖాళీ కడుపుతో ఉంచొద్దు, ఇంత చిన్న కుక్కపిల్లలు కాసేపు తినకపోయినా షుగర్ పడిపోయి తూలిపోతాయి అన్నారు. అది చిగుళ్ల నొప్పితో పొద్దున్నుంచి ఒక్క గింజ ముట్టలేదు మరి. సూర్యాపేటలో హోటల్ దగ్గర ఆగి గోరువెచ్చని నీళ్లలో దాని మేత నానబెట్టి వేలితో తినిపించాం. అమ్మ తన పాత నూలు తువ్వాలు తడిపి, పిండి, తాడులా మెలేసి ముడేసి, పెరుగు కోసం తెచ్చుకున్న ఐస్ బాక్సులో పది నిమిషాలు పెట్టింది. అంతే. దాన్ని రెండు కాళ్లతో పట్టుకుని నమిలి నమిలి అలాగే నిద్రపోయింది. కోదాడ దగ్గర చూస్తే తువ్వాలు మీద చిన్న ఎర్ర చుక్క, పక్కనే బియ్యపు నూకంత పన్ను. మొత్తం 28 పాలపళ్లలో ఒకటి. రబ్బరు ముక్క మర్నాడు దొడ్డికెళ్లినప్పుడు బయటపడింది, బతికిపోయాం.

మీకు అర్థం కావాల్సింది ఒకటుంది. పెద్ద కుక్క రింగునే కుదించి, రబ్బరు పల్చన చేసి 'చిన్న జాతి' అని పేరు పెట్టారు. పెద్ద కుక్క పన్ను నలుపుతుంది, పాలపన్ను సూది, గుచ్చుతుంది. పైగా లాబ్రడార్ మింగితే లెక్కలోకి రాని ముక్క మా గోళీ గొంతులో అడ్డం పడుతుంది. అంటే చిన్న కుక్కకే రబ్బరు మందంగా ఉండాలి, లోపల జెల్ అసలే ఉండకూడదు. మీరు సరిగ్గా తిరగేసి చేశారు.

మీరు పంపిన 20 శాతం కూపన్ నాకొద్దు, మీ దగ్గర ఇంకేం కొంటానని? నా 549 వెనక్కి వేయండి, ఆ జెల్‌లో ఏముందో రాతపూర్వకంగా చెప్పండి, ఆరు గంటల మాట డబ్బా మీంచి తీసేయండి. వారం చూస్తాను. అప్పటికీ అదే చింతిస్తున్నాం అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను, ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు కూడా లేదు.

చిల్లు పడ్డ రింగూ, బయటపడ్డ ముక్కా (కడిగాంలెండి) రెండూ జిప్ కవర్లో పెట్టి ఉంచాను. చూడాలంటే పంపిస్తా, కొరియర్ ఖర్చు మీదే.