రేకు రంగు చూశాం, లోపలి బల్ల చూడలేదు

సంపాదకులకు,

మాది సఖినేటిపల్లి మండలంలో ఒక పల్లెటూరు. పాత మండువా ఇల్లు. 1996 నవంబరు తుపానుకి పెంకులు లేచిపోతే నాన్నగారు కప్పు తిరిగి నేయించి, చూరు చుట్టూ టేకు బల్లలు కొట్టించారు. మూడేళ్ల కిందట, ఏటా రంగులు వేయించలేక ఆ చూరుకి అల్యూమినియం రేకు చుట్టించాం. మా చుట్టుపక్కల చాలామంది ఇప్పుడు అదే చేయిస్తున్నారు.

ఈ శ్రావణంలో ఒక మూల రేకు ఉబ్బింది. వేలితో నొక్కితే లోపలికి పోయింది. విప్పిస్తే బల్ల నానిన అటుకుల్లా చేతికొచ్చింది. టేకు బల్లలు రెండు పుచ్చాయని పనివాళ్లు అన్నీ తీసేసి, రంపపు పొట్టు అతికించి చేసిన బోర్డు పెట్టారట. నేను రేకు మందం అడిగాను, రంగు అడిగాను. లోపల ఏం పెడుతున్నారని అడగలేదు. ఆ తప్పు ఇంకొకరు చేయకూడదనే ఈ ఉత్తరం.

రేకు వాన నీటిని పూర్తిగా ఆపదు. అతుకుల్లోంచి, స్క్రూ రంధ్రాల్లోంచి కొంత వెళ్తుంది. మామూలు బల్ల అయితే ఎండకి ఆరుతుంది. రేకు చుట్టిన బల్లకి ఆ దారి లేదు. మా ఇంట్లో అడుగు అంచుని కూడా సిలికాన్‌తో మూసేశారు, దాంతో వెళ్లిన నీరు వెళ్లినట్టే నిలిచిపోయింది. కింద సన్నటి సందు వదలాలి.

ఈసారి నాలుగు ఊళ్లు తిరిగి అడిగాను. పీవీసీ ఫోమ్ బోర్డు నీటికి చెడదు, చెద పట్టదు. కానీ మా వాసాల మధ్య దూరం ఎక్కువ, ఎండకి మెత్తబడి వంగుతుంది. సిమెంటు బోర్డు కుళ్లదు గానీ అంచు దగ్గర స్క్రూ బిగిస్తే పగులుతుంది. పైగా సిమెంటు తడి రేకుని తినేస్తుంది, మధ్యలో రంగు పూత తప్పనిసరి. ప్లైవుడ్ అయితే ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ (నీటికి తట్టుకునే) రకమే కొనాలి, దాన్ని 72 గంటలు మరిగే నీటిలో ఉంచి పరీక్షిస్తారు. అదైనా కోసిన అంచులకి ప్రైమర్ పెట్టకపోతే నీళ్లు తాగుతుంది. రాగి కలిసిన మందు పట్టించిన చెక్క మాత్రం వద్దు. తడి తగిలితే రాగి వల్ల అల్యూమినియం చిల్లులు పడుతుంది.

చివరికి కొట్టంలో పడేసిన నాన్నగారి టేకు బల్లలే బయటికి తీశాం. పుచ్చినవి రెండే, మిగతావి గట్టిగా ఉన్నాయి. చిత్రిక పట్టించి ఆరు ముఖాలకీ ప్రైమర్ వేయించాం. ఉప్పుగాలికి ఇనుప స్క్రూలు నిలవవు కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలువి తెప్పించాం. మూడు మీటర్ల రేకు, 40 డిగ్రీల వేడి తేడాకి సుమారు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే రంధ్రాలు కోలగా చేయించి, స్క్రూలు మరీ బిగించవద్దన్నాను.

దుకాణాల వారికీ, మేస్త్రీలకీ నా విన్నపం ఒకటే. రేకు వివరాలతో పాటు లోపల పెట్టే బల్ల పేరు, మందం కూడా బిల్లులో రాయండి. కట్టించుకునేవారు రేకు చుట్టక ముందే ఒక్కసారి నిచ్చెనెక్కి చూసుకోండి.

మా ఇంటి ఉత్తరం వైపు చూరు ఇంకా విప్పలేదు. కార్తీకం తుపానులు రాకముందే విప్పించాలి.

— ఒక గృహిణి, సఖినేటిపల్లి మండలం, కోనసీమ