ఏ జబ్బు ఖాతాలోనూ ముందే వెయ్యకు

చిన్నీ,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. మీ మామయ్యగారికి మూత్రం ఎర్రగా వచ్చిందన్నావు. "గుండెకి స్టెంట్ వేశాక రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు కదమ్మా, దానివల్లే అయ్యుంటుందిలే అంటున్నారు ఇంట్లో" అన్నావు. ఆ "దానివల్లే అయ్యుంటుందిలే" అన్న మాట నేనూ ఒకప్పుడు అన్నాను. అందుకే పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను. ఫోన్లో అయితే కంగారులో సగం వినబడదు. కాగితం మీద ఉంటే ఇంకోసారి చదువుకుంటావు.

మీ తాతయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. నువ్వప్పుడు పరీక్షల్లో ఉన్నావని చెప్పలేదు. ఆయనకి గుండె లయ తప్పి కొట్టుకునేది. లోపల రక్తం గడ్డకట్టి మెదడుకి పోకుండా వార్ఫరిన్ అనే రక్తం పలచబడే మాత్ర ఇచ్చేవారు. ఒకరోజు బాత్రూమ్‌లోంచి నన్ను పిలిచారు. తెల్లటి కమోడ్‌లో లేత గులాబీ రంగు నీళ్లు, అంతే. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. "మాత్ర వల్లే నాన్నా, తగ్గిపోతుంది" అన్నాను. రెండు రోజులకి తగ్గింది కూడా. నేనన్నదే నిజమైందనుకున్నాను. మూడు నెలలకి మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఆ తర్వాత ఒక రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. పొత్తికడుపు బండలా బిగుసుకుపోయింది. మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని ఆయన మూలుగుతుంటే ఏం చెయ్యాలో తోచలేదు. ఆసుపత్రిలో లావుపాటి పైపు వేసి సెలైన్‌తో కడుగుతుంటే ముదురు ఎరుపు గడ్డలు ఒక్కొక్కటీ జారి వచ్చాయి. తర్వాత కెమెరా పెట్టి చూస్తే మూత్రాశయం గోడకి కణితి ఉంది. క్యాన్సర్. ఆయన సిగరెట్లు మానేసి పదేళ్లు దాటింది. అంతకు ముందు ముప్పై ఏళ్లు తాగారన్న సంగతి మాకెవరికీ గుర్తుకే రాలేదు.

మూత్రాశయంలో వచ్చే క్యాన్సర్‌కి అన్నిటికంటే పెద్ద కారణం పొగ తాగడమేనని అప్పుడు తెలిసింది. మానేశాక ముప్పు తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. ఆ క్యాన్సర్ రక్తం చాలాసార్లు నొప్పి లేకుండా వస్తుంది, వచ్చి దానంతట అదే ఆగిపోతుంది. ఆగిపోవడమే మనల్ని మోసం చేస్తుంది. అందుకే, మీ మామయ్యగారికి ఈరోజు మూత్రం మామూలుగా వచ్చినా సరే, నువ్వు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం మానకు.

పలచబడే మాత్రల విషయం కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. మోతాదు మరీ ఎక్కువైతే అవే రక్తస్రావం తేగలవు. అందుకే వార్ఫరిన్ వాడేవాళ్లకి ఐఎన్ఆర్ అని, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే పరీక్ష చేస్తారు. చాలామందికి అది 2 నుంచి 3 మధ్య ఉండాలని చూస్తారు. మధ్యలో ఇంకో డాక్టర్ యాంటీబయాటిక్ ఏదైనా ఇస్తే అది ఒక్కసారిగా పెరిగిపోవచ్చు. కానీ చాలాసార్లు మాత్ర చేసేది, లోపల ఎక్కడో ఉన్న చిన్న పుండునో, రాయినో, కణితినో బయటపెట్టడం. మాత్ర లేకపోతే అది ఇంకొన్నాళ్లు కనపడకుండా దాక్కునేది. అందుకే పలచబడే మందులు వాడేవాళ్లకి మూత్రంలో రక్తం వచ్చినా, వాడనివాళ్లకి చేసే పరీక్షలన్నీ చెయ్యాల్సిందే. అదే సమయంలో మాత్రలు మీ అంతట మీరు ఆపెయ్యకండి. స్టెంట్ వేయించుకున్న మనిషి మందు హఠాత్తుగా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. ఆపాలో వద్దో, ఆపితే ఎన్నాళ్లో గుండె డాక్టరే చెప్పాలి.

మీ మామయ్యగారి వయసు మగవాళ్లకి ప్రొస్టేట్ గ్రంథి ఉబ్బడం మామూలే. దాని మీద రక్తనాళాలు పొంగి చిట్లితే మూత్రం ఎర్రబడుతుంది. రాత్రిళ్లు నాలుగైదు సార్లు లేస్తున్నారా, ధార సన్నగా వస్తోందా, ఇంకా మిగిలిపోయినట్టు ఉంటోందా అని అడగాలి. రాళ్లయితే నడుం పక్కనుంచి గజ్జల్లోకి దిగే నొప్పి ఉంటుంది, చూస్తేనే తెలిసిపోతుంది. కానీ మూత్రాశయంలో ఉండే రాయి అంత నొప్పి పెట్టకపోవచ్చు. ఎక్కువ కాలం మంచాన ఉన్నవాళ్లకి ఎముకల్లోని కాల్షియం కరిగి మూత్రంలోకి వస్తుంది. రాళ్లు పట్టడానికి అదీ ఒక కారణం.

ఇన్ఫెక్షన్ సంగతి మీ నానమ్మ నాకు నేర్పింది. పక్షవాతం వచ్చాక మూడేళ్లు ఆవిడకి మూత్రం పైపుతోనే గడిచింది. ఒకరోజు తెల్లవారుజామున లేచి చూస్తే చనిపోయిన వాళ్ల అమ్మతో మాట్లాడుతోంది. ఒళ్లు పట్టుకుంటే చల్లగానే ఉంది, జ్వరం లేదు. మనసు చెదిరిందేమో అనుకున్నాను. ఫోన్ లైటు వేసి మంచం కింద సంచి చూశాను. అడుగున ఇటుక రంగు మడ్డి, పైపు మలుపులో పోగుల్లాంటి రక్తపు చారలు. మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షన్ అని తేలింది, మందు పడ్డాక మూడో రోజుకి నన్ను పేరు పెట్టి పిలిచింది. వయసు మీద పడ్డవాళ్లకి మంట, జ్వరం లేకుండా తికమకగా మాట్లాడటమే మొదటి గుర్తు కావచ్చు.

పైపు ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. పైపు మార్చిన రోజున కాస్త గులాబీ రంగు రావడం సహజం, ఒకటి రెండు రోజుల్లో తేటపడాలి. పక్క మీద దొర్లినప్పుడు పైపు లాగినట్టయినా లోపల గీసుకుపోతుంది. పైపు కొసన లోపల నీటితో ఉబ్బిన చిన్న బుడగ ఉంటుంది, అది ఉండగా పైపు గుంజితే మూత్రనాళం చీరుకుపోతుంది. అందుకే పైపుని తొడకి అతికించి ఉంచేదాన్ని, సంచి ఎప్పుడూ నడుం కంటే కిందే వేలాడదీసేదాన్ని.

నానమ్మకే ఇంకోసారి డైపర్ మీద ఎర్ర మరక కనిపించింది. మూత్రమే అనుకున్నాను. నర్సు వచ్చి శుభ్రం చేసి చూస్తే అది మూత్రం దారిలోంచి కాదు, గర్భసంచి నుంచి వచ్చింది. బహిష్టులు ఆగిపోయి ఏళ్లు గడిచాక అలా రక్తం కనిపిస్తే అది వేరే పరీక్ష, ఆలస్యం చెయ్యకూడదు. మొలల నుంచి కూడా రావచ్చు. ఆడవాళ్ల విషయంలో ఎక్కడినుంచి వస్తోందో ముందు తేల్చుకోవాలి. మీ అత్తయ్యగారికి ఎప్పుడైనా అవసరం పడితే గుర్తుంచుకో.

మామయ్యగారికి షుగర్ కూడా ఉంది కదా, రేపెవరో "షుగర్ వల్లే కిడ్నీ పాడై రక్తం వస్తోంది" అంటారు చూడు. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతింటే మూత్రంలో పోయేది ముఖ్యంగా ప్రొటీన్. కంటికి కనిపించేంత రక్తాన్ని షుగర్ ఖాతాలో వెయ్యకూడదు, వేరే కారణం వెతకాలి. నురగతో పాటు టీ డికాషన్ రంగులో మూత్రం వచ్చి, మొహం, కాళ్లు ఉబ్బి, బీపీ పెరిగితే కిడ్నీలోని వడపోత గుచ్ఛాలు వాచాయేమో చూస్తారు. అది కిడ్నీ డాక్టర్ చూడాల్సిన విషయం. త్వరగా పట్టుకుంటే కిడ్నీని కాపాడుకోవచ్చు, వారాలు గడిపేస్తే చేతికి దొరకదు.

ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్ల కిడ్నీల్లో నీటి బుడగలు పుడతాయి, అవి చిట్లి రక్తం రావచ్చు, వాటిలో కణితి పెరిగే అవకాశం కూడా ఉంది. కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే ఆ బుడగల జబ్బు ఉంటుంది. ఎక్కువగా కనిపించే రకంలో తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకీ సగం అవకాశం. క్యాన్సర్‌కి సైక్లోఫాస్ఫమైడ్ మందు తీసుకున్నవాళ్లకి మూత్రాశయం లోపలి పొర పుండు పడవచ్చు. పొత్తికడుపుకి రేడియేషన్ ఇచ్చిన కొన్నేళ్ల తర్వాత కూడా రక్తం రావచ్చు, "అదెప్పుడో అయిపోయింది కదా" అని ఆ సంగతి డాక్టర్‌కి చెప్పకుండా ఉండిపోతాం. లివర్ చెడినవాళ్లకి రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు తగ్గి ఎక్కడినుంచైనా రక్తం కారవచ్చు. మూత్రంలో చీము కణాలు కనిపిస్తూ, మామూలు కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగకపోతే క్షయ గురించి కూడా ఆలోచిస్తారు. ఇన్ని ఉన్నాయని భయపెట్టడానికి రాయడం లేదు తల్లీ. మనం ఇంట్లో కూర్చుని ఊహించి తేల్చేది కాదని నీకు తెలియాలని రాస్తున్నాను.

ఎరుపంతా రక్తం కాదన్నది కూడా తెలుసుకో. బీట్‌రూట్ తింటే కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది. క్షయకి ఇచ్చే రిఫాంపిసిన్ మాత్ర నారింజ ఎరుపు తెస్తుంది. ముసలివాళ్లు పడిపోయి గంటల తరబడి నేల మీదే ఉండిపోతే కండరాలు నలిగి మూత్రం గోధుమ రంగులోకి మారుతుంది. అప్పుడు మూత్రంలో ముంచి చూసే పరీక్ష పట్టీ రక్తం ఉందని చూపిస్తుంది కానీ మైక్రోస్కోప్ కింద ఎర్ర కణాలు కనిపించవు. అది రక్తం కాకపోయినా కిడ్నీకి ప్రమాదమే, వెంటనే తీసుకెళ్లాలి. ఇంకోవైపు, లీటరు మూత్రంలో ఒక్క మిల్లీలీటరు రక్తం కలిసినా రంగు మారిపోతుంది. కాబట్టి ఎరుపు చూడగానే ఒంట్లో రక్తమంతా పోతోందని హడలిపోవద్దు.

రేపు డాక్టర్ అడిగేవి ఇవే ఉంటాయి, ముందే చూసి పెట్టుకో. ఎరుపు ధార మొదట్లోనే వస్తోందా, చివర్లోనా, మొత్తమా? మొదట్లో అయితే మూత్రనాళం, చివర్లో అయితే మూత్రాశయం మెడ, ప్రొస్టేట్ దగ్గర, మొత్తం అయితే మూత్రాశయమో కిడ్నీయో అని వాళ్లకి ఒక అంచనా దొరుకుతుంది. గడ్డలు ఉన్నాయా, సన్నగా పురుగుల్లా ఉన్నాయా అన్నది కూడా. వీలైతే పారదర్శకంగా ఉండే గ్లాసులో పట్టి ఫోటో తీసుకో, మాటల్లో "ఎర్రగా" అంటే ఒక్కొక్కరికీ ఒక్కో రంగు తోస్తుంది. ఆయన వేసుకునే మాత్రల రేకులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లు. మోకాళ్ల నొప్పులకి ఎవరికీ చెప్పకుండా కొనుక్కుని మింగేవి కూడా.

శాంపిల్ ఇచ్చేటప్పుడు మొదటి ధార వదిలేసి మధ్యలోది స్టెరైల్ డబ్బాలో పట్టమను. గంటా రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి. పైపు ఉన్నవాళ్లకి సంచిలోంచి తీసి ఇవ్వకూడదు, అందులో నిలవున్న మూత్రం తప్పుడు ఫలితం చూపిస్తుంది. మైక్రోస్కోప్‌లో ఒక్కో ఫీల్డ్‌కి 3 లేదా అంతకంటే ఎక్కువ ఎర్ర కణాలు కనిపిస్తే రక్తం ఉన్నట్టు లెక్క. తర్వాత కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష, స్కానింగ్ చూస్తారు. సీటీకి ఇంజెక్షన్ డై వేస్తామంటే షుగర్ ఉందనీ, కిడ్నీ రిపోర్టు ఎంతుందనీ ముందే చెప్పు. సిస్టోస్కోపీ అంటే కెమెరా పరీక్ష. ఆ పేరు వినగానే వద్దంటారు ఇంట్లో. మీ తాతయ్య విషయంలో మేమూ అలాగే వాయిదా వేశాం. మొండిగా నిలబడి చేయించు.

నీళ్లు బాగా తాగించమని అందరూ సలహా ఇస్తారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి నీళ్ల కొలత ఉంటుంది, డాక్టర్‌ని అడగకుండా లీటర్లు పట్టించకు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు డాక్టర్‌ని అడగకుండా వద్దు, కిడ్నీల్ని దెబ్బతీయగలవు.

గడ్డలు పడి మూత్రం ఆగిపోయినా, చలి వణుకుతో జ్వరం వచ్చినా, కళ్లు తిరిగినా, టమాటా రసంలా చిక్కగా వచ్చినా అర్ధరాత్రి అని చూడకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లిపో. తెల్లారేదాకా ఆగుదాం అన్నవాళ్ల మాట వినకు.

ఇంకొక్కటి. మామయ్యగారు కోడలితో ఇలాంటివి చెప్పడానికి మొహమాటపడతారు. మొదటిసారి నీకు తెలిసిందే ఫ్లష్ సరిగ్గా పనిచెయ్యక కదా. అంతకుముందు ఎన్నిసార్లు వచ్చిందో ఎవరికి తెలుసు? మీ ఆయన్ని పక్కన కూర్చుని నెమ్మదిగా అడగమను, తిట్టినట్టు కాకుండా. సిగరెట్టు సంగతి కూడా అప్పుడే అడగమను, ఎప్పటినుంచి, ఎప్పుడు మానేశారు అని. ఆ రెండు జవాబులూ ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టు.

శాంపిల్ ఇచ్చి రాగానే నాకు ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం నిద్రపోను, నీ ఫోన్ కోసం చూస్తుంటాను.

మీ అమ్మ